గుడ్డ కత్తిరించకుండానే కటింగ్!

"అక్కా, మీ చేతులు కనిపిస్తున్నయి. మీ మాట నాకెట్ల కనిపిస్తది?"

మా క్లాసుకు వచ్చే ఓ అమ్మాయి నోటుబుక్కులో రాసి చూపించిన మాట ఇది. ఆమెకు చిన్నప్పటి నుంచీ వినపడదు. చేతిపని మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. నేను తీసిన వీడియో పాఠం అందరికీ పంపినట్టే ఆమెకూ పంపాను. అందులో నేను గలగలా మాట్లాడుతూనే ఉన్నాను... టేపు ఎక్కడ పట్టాలి, కుట్టుకు ఎంత వదలాలి, చంక దగ్గర గీత ఎలా తిప్పాలి. అన్నీ మాటల్లోనే! ఆమెకు అందింది చేతుల కదలిక ఒక్కటే. నాకు సిగ్గేసింది.

వీడియో మీద తెలుగు అక్షరాలు వేయాల్సిందేనని ఆ రోజే అనుకున్నాను. అదేమంత తేలిక కాదని మర్నాడే తెలిసొచ్చింది!

తాళం ఎవరి దగ్గర?

అంబర్‌పేటలో మా ఇంటి ముందు గదిలో చాలా ఏళ్లుగా బ్లౌజుల కటింగూ, కుట్టూ నేర్పుతున్నాను. గోల్నాక, రామంతాపూర్ నుంచే కాదు, ఉప్పల్, నాచారం నుంచి కూడా బస్సెక్కి వస్తారు. 2020లో లాక్‌డౌన్ వచ్చి క్లాసు మూతపడ్డప్పుడు ఫోను స్టాండుకు బిగించి పాఠాలు తీయడం మొదలుపెట్టాను. అనవసరమైన ముక్కలు తీసేయడానికి ఫోన్‌లోనే ఓ యాప్ వాడేదాన్ని.

మొదట్లో అంతా ఉచితమే. తర్వాత వీడియో మూలన యాప్ పేరు పడటం మొదలైంది. అది పోవాలంటే నెలనెలా డబ్బు కట్టాలి. సరే, పడితే పడిందిలే అనుకున్నాను. కానీ ఈసారి గంటన్నర కూర్చుని ఒక్కో మాటా తెలుగులో కొట్టి, సర్ది, చివరికి 'సేవ్' నొక్కితే ఏమొచ్చిందో తెలుసా? ఆ అక్షరాల సోకు డబ్బు కట్టినవారికేనట! నా వీడియో, నా చేతులు, నా గొంతు... తాళం మాత్రం ఇంకొకరి దగ్గర!

పోనీ ఇంట్లో కంప్యూటర్ ఉందిగా అంటారా? ఉంది. 2015లో కొన్నది. అందులో ఉన్న విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత ఒక ఏడాది అదనపు భద్రత తీసుకునే వీలు ఇచ్చారనుకోండి, అదీ ఎన్నాళ్లు? విండోస్ 11 వేద్దామంటే అంత పాత ప్రాసెసర్‌ను అది ఒప్పుకోదు. "కొత్తది కొందాం" అన్నారు మావారు. కొత్త దాని ధర వింటే ఓవర్‌లాక్ మిషనే కొనుక్కోవచ్చనిపించింది.

అప్పుడు మా అబ్బాయి అన్నాడు, "అమ్మా, పారేయకు. లినక్స్ వేస్తా. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితంగా దొరుకుతాయి" అని.

1991లో ఫిన్‌లాండ్‌లోని హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టింది ఈ లినక్స్. దాని ఆధారంగా పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌లు చాలా ఉన్నాయి. మావాడు వేసింది లినక్స్ మింట్. చూడటానికి అలవాటైన విండోస్‌లాగే ఉంది, భయం పోయింది. మెమరీ 4 జీబీ ఉంటే ఇంకో 4 జీబీ వేయించి 8 చేశాడు. అయిన ఖర్చు అంతే!

ఎడిటింగ్ అంటే కుట్టుపనే

సాఫ్ట్‌వేర్ పేరు వింటేనే వెనక్కి తగ్గే చెల్లెళ్లకు ముందుగా ఓ మాట. బ్లౌజు కుట్టడం వస్తే మీకు ఎడిటింగ్ సగం వచ్చినట్టే. నమ్మరా?

ఫోన్‌లో తీసిన వీడియో... అది గుడ్డ తాను. తెర కింది భాగంలో పొడవుగా కనిపించే టైమ్‌లైన్... అది కటింగ్ టేబుల్. ఒకదాని కింద ఒకటి వరసలు ఉంటాయి. పై గుడ్డ, లైనింగు వేసినట్టు ఒక వరసలో బొమ్మ, ఇంకో వరసలో మాట, మరోదాంట్లో సంగీతం. అన్నీ కుదిరాక ఒకే వీడియోగా తయారుచేయడాన్ని 'రెండర్' అంటారు. అంటే కుట్టి, హెమ్మింగు చేసి, ఇస్త్రీ పెట్టి ఇవ్వడమన్నమాట.

ఇందులో మన పనికి లేని సుఖం ఒకటుంది. గుడ్డ మీద కత్తెర పడితే పడినట్టే. ఇక్కడ అలా కాదు. ఎన్ని ముక్కలు చేసినా అసలు వీడియో చెక్కుచెదరదు. మీరు చేసేదంతా సుద్దగీతలే! ఆ గీతల లెక్కంతా 'ప్రాజెక్టు ఫైలు' అనే చిన్న కొలతల పుస్తకంలో ఉంటుంది. తప్పు గీస్తే తుడిచి మళ్లీ గీసుకోవచ్చు. ఇది అర్థమయ్యాక నా చెయ్యి వణకడం మానేసింది.

పాతకాలంలో మాత్రం నిజంగానే కత్తిరించేవారు. ఫిల్ము రీళ్లు కోసి, అతికించి సినిమా తయారుచేసేవారు. హాలీవుడ్ తొలి రోజుల్లో ఆ పనిలో ఆడవాళ్లు చాలామంది ఉండేవారు. కుట్టుపనిలా ఓపిక కావాల్సిన పని అని వాళ్లకు అప్పగించేవారట. పేరు మాత్రం దర్శకుడిది! 1940లో వచ్చిన 'నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీస్' సినిమాకు ఆన్ బాకెన్స్ ఆస్కార్ అందుకున్నారు. ఎడిటింగ్‌కు ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమే. మన దేశంలో రేణు సలూజా 'పరిందా' సినిమాకు జాతీయ అవార్డు తీసుకున్నారు.

మా చుట్టుపక్కల చూస్తే నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో, రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం. అవి ఇంత దగ్గర్లో ఉన్నా ఎడిటింగ్ గది ఎలా ఉంటుందో మాలాంటివాళ్లకు ఏం తెలుసు? మాకు తెలిసిందల్లా పెళ్లి క్యాసెట్‌కు 'మిక్సింగ్' చేయించడమే. పెళ్లికూతురు తామరపువ్వులోంచి వచ్చేలా చేసి ఇచ్చేవారు, గుర్తుందా?

మూడు ఆదివారాలు, మూడు సాఫ్ట్‌వేర్లు

లినక్స్ మింట్‌లో 'సాఫ్ట్‌వేర్ మేనేజర్' అని ఉంటుంది. అందులో పేరు వెతికి నొక్కితే సాఫ్ట్‌వేర్ దానంతటదే దిగుతుంది. అలా మూడు దించుకున్నాను... ఓపెన్‌షాట్, షాట్‌కట్, కేడెన్‌లైవ్. మూడింటికీ ఒకే పరీక్ష పెట్టాను. కటోరీ బ్లౌజు మీద పన్నెండు నిమిషాల పాఠం. అనవసరమైన ముక్కలు తీసేయాలి, దగ్గరగా తీసిన చేతుల దృశ్యం మధ్యలో పెట్టాలి, మాటలన్నీ తెలుగులో కింద రావాలి. వారానికి ఒకటి చొప్పున మూడు ఆదివారాలు కూర్చున్నాను.

ఓపెన్‌షాట్: దీన్ని 2008లో అమెరికాలోని టెక్సస్‌లో జొనాథన్ థామస్ మొదలుపెట్టారు. మూడింట్లోకీ తేలిగ్గా వచ్చేసింది ఇదే. వీడియోను పట్టుకుని లాగి టైమ్‌లైన్ మీద వదిలితే చాలు. ఒక దృశ్యంలోంచి ఇంకో దృశ్యంలోకి మెల్లగా జారే సోకులు, ముందే తయారుగా ఉన్న టైటిళ్లు చాలా ఉన్నాయి. బాగ్ అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను 2025లో మళ్లీ బాగుచేశారు కదా, అక్కడ తీసిన చిన్న చిన్న ముక్కలు అతికి, మూడు నిమిషాల వీడియో ఒక పూటలో చేసేశాను. మా ఆడబిడ్డ చూసి "ఎవరితో చేయించినవ్ వదినా?" అంది! అయితే పన్నెండు నిమిషాల పాఠంలో వరసలు ఎక్కువయ్యేసరికి మా పాత కంప్యూటర్ ఆయాసపడింది. పుట్టినరోజులు, పండగలు, ఫొటోల వరస... వీటికి ఇదే హాయి.

షాట్‌కట్: మొదట తెరిచినప్పుడు ఖాళీ ఇల్లులా అనిపిస్తుంది. ఏ గది కావాలో మనమే తలుపు తీసుకోవాలి. టైమ్‌లైన్, ఫిల్టర్లు అన్నీ పైన పేర్లుగా ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. ఓ గంట తికమక పడ్డాను. అలవాటయ్యాక మాత్రం చేయి చకచకా సాగింది. గీత ఉన్నచోట 'ఎస్' నొక్కితే రెండు ముక్కలు, 'ఎక్స్' నొక్కితే ఆ ముక్క పోయి మిగతాది దగ్గరికి జరుగుతుంది. వెలుతురు తక్కువైన దృశ్యాన్ని కాస్త తెల్లబరచడం, గొంతు పెంచడం తేలిక. మామూలు హెచ్‌డీ వీడియోకు 8 జీబీ మెమరీ, 4కే వీడియోకు 16 జీబీ ఉండాలని దీన్ని తయారుచేసేవాళ్లు చెబుతారు. అంటే మన ఫోన్‌లో 4కే పెట్టి తీయకపోతే పాత కంప్యూటర్‌కు ఊపిరి ఆడుతుందన్నమాట.

కేడెన్‌లైవ్: దీని వయసు ఎక్కువ. 2002లో మొదలైంది. కేడీఈ అనే పెద్ద స్వచ్ఛంద బృందం కింద నడుస్తోంది. దీనికీ షాట్‌కట్‌కూ లోపలి ఇంజను ఒక్కటే, 'ఎమ్ఎల్‌టీ' అంటారు. ఇంజను ఒకటే కదా అని ఒకదాంట్లో చేసిన ప్రాజెక్టును రెండోదాంట్లో తెరిచి పనిచేద్దామనుకోకండి, సరిగ్గా కుదరదు. బటన్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. మొదటి పూట టీ చల్లారిపోయేదాకా దిక్కులు చూశాను. కానీ రెండు సంగతులు నా మనసు గెలిచాయి.

ఒకటి 'ప్రాక్సీ'. పెద్ద వీడియోకు చిన్న నకలు తయారుచేసుకుని, పని జరిగినంతసేపూ ఆ నకలు చూపిస్తుంది. చివర్లో అసలు వీడియోతో రెండర్ చేస్తుంది. మనం ముందు న్యూస్‌పేపర్ మీద కటింగ్ చేసి చూసుకుని, తర్వాత పట్టుగుడ్డ మీదికి వెళ్లమూ? అదే! ఈ ఏర్పాటు షాట్‌కట్‌లోనూ ఉంది. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు మొదట వెతకాల్సింది దీన్నే.

రెండోది సబ్‌టైటిళ్లకు ప్రత్యేకంగా ఒక వరస. ఏ మాట ఏ క్షణంలో రావాలో, ఎంతసేపు ఉండాలో అక్కడే సర్దుకోవచ్చు. ఓపెన్‌షాట్‌లో 'క్యాప్షన్' అనే ఏర్పాటు ఉంది. షాట్‌కట్ కొత్త కూర్పుల్లోనూ సబ్‌టైటిళ్ల సదుపాయం వచ్చింది. కానీ నా పాఠానికి నూటికి పైగా మాటల ముక్కలున్నాయి. అన్నిటినీ వరసగా చూసుకుంటూ దిద్దుకోవడం నాకు కేడెన్‌లైవ్‌లోనే కుదిరింది.

వత్తులు ఊడకుండా

తెలుగు అక్షరాల దగ్గర అందరూ ఓసారి తడబడతారు. తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి. నేను ముందుగా 'కుట్టు', 'చుట్టుకొలత', 'క్షణం' అనే మూడు మాటలు రాసి చూసుకున్నాను. వత్తులు సరిగ్గా కింద కూర్చుంటే మిగతావన్నీ కూర్చున్నట్టే. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వీడియోకు సన్నటి అక్షరాలు పనికిరావు. లావుగా, తెల్లగా, చుట్టూ నల్ల అంచుతో ఉండాలి. లేకపోతే తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో ఎంబ్రాయిడరీ చేసినట్టే!

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు ఇక్కడ నేరుగా పనికిరాదు. యూనికోడ్‌లో ఉండాలి. మనం ఫోన్‌లో వాట్సాప్ కొట్టేది యూనికోడే. అందుకని నేను మాటలన్నీ ఫోన్‌లోనే తీరిగ్గా కొట్టుకుని, నాకు నేనే మెయిల్ చేసుకుని, కంప్యూటర్‌లో అతికించుకున్నాను.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

'డావిన్సీ రిజాల్వ్' అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా లినక్స్‌లో నడుస్తుంది. సినిమావాళ్లు వాడే స్థాయి. ఒక కూర్పు ఉచితమే. కానీ దానికి ఎక్కువ మెమరీ, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మా కంప్యూటర్‌కు అది తగదు. పైగా ధర లేదన్న మాటే గానీ, దాని లోపలి రాత ఆ కంపెనీ చేతిలోనే ఉంటుంది.

నేను చూసిన మూడూ అలా కాదు. వాటి రాత అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవారికి పంచొచ్చు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన ఉద్యమం ఇది. తెలుగులో ఈ తేడాకు చక్కని మాటలున్నాయి... ఉచితం, స్వేచ్ఛ. హైదరాబాద్‌లో ఈ సాఫ్ట్‌వేర్ల కోసం పనిచేస్తున్న సంస్థ పేరు కూడా 'స్వేచ్ఛ'యే. మా అత్తగారి కాలంలో బ్లౌజు పేపర్ కటింగ్ ఒకరింట్లో ఉంటే వీధంతా తిరిగేది. ఎవరూ దాచుకోలేదు, ఎవరూ అద్దె అడగలేదు. ఇదీ అంతే.

ఉచితమంటే నాసిరకమేమో అనుకుంటున్నారా? 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా 'ఫ్లో'ను చేసింది ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ 'బ్లెండర్' తోనే!

నేను చేసిన పొరపాటు

అన్నీ బాగున్నాయని చెబితే మీరు నమ్మరు కాబట్టి నా తెలివితక్కువ కూడా చెబుతాను. పాఠం సగమయ్యాక, చోటు చాలడం లేదని వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, కంప్యూటర్‌లోంచి తీసేశాను. మర్నాడు తెరిస్తే దృశ్యాలు కనిపించడం లేదని మొరపెట్టుకుంది. నా గుండె ఆగినంత పనైంది. మావాడు వచ్చి నవ్వాడు. "కొలతల పుస్తకం ఉంది గానీ గుడ్డ ఎక్కడమ్మా?" అన్నాడు. నిజమే కదా! ప్రాజెక్టు ఫైలులో ఉండేది లెక్కే గానీ వీడియో కాదు. ఉన్నచోటే తిరిగి పెట్టాక అన్నీ వచ్చేశాయి.

ఆ అమ్మాయి పట్టిన తప్పు

మూడో ఆదివారం దాటాక పాఠం పూర్తయింది. ఆ అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టి చూపించాను. కళ్లు తెర మీది నుంచి తిప్పలేదు. నేను మాత్రం ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఏడో నిమిషంలో ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపమంది. నోటుబుక్కు అందుకుని రాసింది.

"అక్కా, అక్షరాల్ల అర అంగుళం అని ఉంది. మీ చేతి కింద టేపు ఒక అంగుళం చూపెడ్తుంది. ఏది కరెక్టు?"

వెనక్కి వెళ్లి చూశాను. టేపే కరెక్టు! మాట్లాడేటప్పుడు నేనే పొరపాటున అర అన్నాను. విన్నదే రాశాను. ఇన్నాళ్లూ ఆ వీడియో చూసినవాళ్లలో ఒక్కరూ పట్టుకోలేదు. అందరూ నా మాట విన్నారు, ఈ అమ్మాయి ఒక్కతే నా చేతులు చూసింది. అర అంగుళం తగ్గితే చంక దగ్గర బిగుసుకుపోయి, పట్టుబ్లౌజు మూలన పడుతుంది. ఎంతమంది గుడ్డ పాడైందో!

యాప్ రోజులైతే ఏం చేసేదాన్నో. ఇప్పుడు ప్రాజెక్టు తెరిచి, ఆ ఒక్క అక్షరాల ముక్క మార్చి, తప్పు మాటను తీసేసి, కొత్తగా చెప్పి అతికాను. పది నిమిషాల పని. మళ్లీ రెండర్ పెట్టి, వంటింట్లోకి వెళ్లి పప్పు తాలింపు వేసి వచ్చేసరికి వీడియో తయారు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ డబ్బు కట్టలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయే నా పాఠాలకు తొలి ప్రేక్షకురాలు. ఆమె 'సరే' అని తల ఊపితేనే మిగతావారికి పంపుతాను. ఈమధ్య ఓపెన్‌షాట్ తెరిచి తనే కూర్చుంటోంది. మాటలు లేకుండా చేతులతో, అక్షరాలతో కాజాలు కుట్టే పాఠం తయారుచేస్తోంది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను... ఈసారి నేర్చుకునేది నేను!

మీరూ మొదలుపెడతారా?

* పాత కంప్యూటర్‌లో ఉన్న ఫొటోలు, కాగితాలు ముందుగా వేరేచోట భద్రం చేసుకోండి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీది నుంచే నడిపి చూసి, నచ్చాకే కంప్యూటర్‌లో వేయించుకోవచ్చు.

* ఒక్కో వీడియోకు ఒక్కో ఫోల్డరు. దృశ్యాలు, సంగీతం, ప్రాజెక్టు ఫైలు అన్నీ అందులోనే. పని ముగిసేదాకా కదపొద్దు.

* మొదటిసారైతే ఓపెన్‌షాట్. ముక్కలు తీసి వెలుతురు, గొంతు సరిచేయాలంటే షాట్‌కట్. పొడవాటి పాఠాలు, తెలుగు సబ్‌టైటిళ్లు కావాలంటే కేడెన్‌లైవ్.

* కంప్యూటర్ నెమ్మదిస్తే ప్రాక్సీ పెట్టండి. ఫోన్‌లో 4కే బదులు మామూలు హెచ్‌డీలో తీయండి.

* తీసేటప్పుడు ఫ్యాను ఆపండి. అయినా వచ్చే గుయ్ మనే మోతను 'ఆడాసిటీ' అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు.

* సినిమా పాటలు పెట్టకండి, హక్కుల గొడవ వస్తుంది. యూట్యూబ్ వాళ్ల ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం దొరుకుతుంది.

* పూర్తయ్యాక గొంతు మొత్తం ఆపేసి ఓసారి చూడండి. అప్పుడూ పాఠం అర్థమైతే, మీ వీడియో అందరిదీ అయినట్టే!